పెట్టె పక్కన కుర్చీ: నెలలు నిండని బిడ్డ, తల్లిదండ్రుల పని



స్మారకోపన్యాసాలు ఎక్కువగా పేరు మోసిన డాక్టర్ల పేరిట, ప్రొఫెసర్ల పేరిట జరుగుతుంటాయి. ఇలా ఒక హెడ్ సిస్టర్ పేరిట జరగడం అరుదు. ఆవిడ పనిచేసిన నవజాత శిశువుల వార్డులోనే నేనూ పిల్లల డాక్టరుగా చాలా ఏళ్లు పనిచేశాను. తన గురించి ఎవరైనా పొగడ్త మొదలెడితే "ముందు ఆ మూడో నంబరు పిల్లని చూడండి సార్" అనే మనిషి ఆవిడ. అందుకని ఆవిడ గుణగణాల జోలికి పోను. ఆవిడ పట్టుబట్టి సాధించిన ఒక్క పని గురించి మాట్లాడతాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దగ్గరికి తల్లినీ తండ్రినీ రానివ్వడం, వచ్చినవాళ్లకు పని అప్పజెప్పడం.

ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న బిడ్డకు తల్లిదండ్రులు చూసిపోవడానికి వచ్చే చుట్టాలు కారు. ఆక్సిజన్ ఎలాగో, యాంటీబయాటిక్ ఎలాగో వాళ్లూ అలాగే వైద్యంలో భాగం. జాలిపడి చెబుతున్న మాట కాదిది. పరిశోధనల్లో తేలిన విషయం. తేలి కూడా మన వార్డుల్లో చాలాచోట్ల ఇంకా గుమ్మం బయటే ఆగిపోయిన విషయం.

తొందరపడి వచ్చిన బిడ్డ

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాం. 28 వారాలకు ముందే పుడితే అది అత్యంత ప్రమాదకర స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, తోటి సంస్థలు వేసిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద 1 కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు.

కిలో బరువున్న బిడ్డను మొదటిసారి చూసిన తండ్రి సాధారణంగా వేలెడంత కాళ్లను చూసి భయపడతాడు. చిన్నగా ఉండటం అసలు సమస్య కాదు, సిద్ధం కాకపోవడం సమస్య. చర్మం కింద కొవ్వు లేదు కనుక ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఇంకా చాలినంత ఊరలేదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడింటినీ కలిపి చేసే నేర్పు దాదాపు 34 వారాలకు గానీ రాదు. మెదడులో శ్వాసను నడిపే భాగం అప్పుడప్పుడూ పని మరిచిపోతుంది. ఇరవై సెకన్ల పాటు బిడ్డ ఊపిరి తీయదు. అప్పుడు అరికాలు మెల్లగా గీరితే గుర్తొచ్చినట్టు మళ్లీ తీస్తుంది. దానికి మేమిచ్చే మందు కెఫీన్. మీరు పొద్దున్నే తాగే కాఫీలో ఉండేదే.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి దాదాపు అయిదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. రెండు కిలోల పైచిలుకు బరువు. పుట్టగానే ఊపిరి అందని జబ్బు. అంతటి దేశం, అంతటి వైద్యం ఉండి కూడా రెండు రోజులు నిలబెట్టలేకపోయారు. ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ లేకపోవడమే ఈ జబ్బుకు మూలమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ 1959లోనే చెప్పారు గానీ అప్పటికి చేతిలో మందు లేదు. 1972లో న్యూజిలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ కాన్పుకు ముందు తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా సర్ఫాక్టెంట్‌నే మందుగా ఇచ్చి పిల్లల్ని బతికించారు. ఇవాళ ఆ బరువున్న బిడ్డ మన జిల్లా ఆసుపత్రికొస్తే, ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే, నీళ్లలో బుడగలు తేలే సీప్యాప్ పెట్టి ఇంటికి పంపగలమనే ధైర్యం మాకుంది.

మన ఇళ్లలో మాత్రం ఇంకో లెక్క నడుస్తోంది. ఏడో నెలలో పుడితే నిలుస్తుంది, ఎనిమిదో నెలలో పుడితే నిలవదు అని. ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. 34 వారాల బిడ్డకు 30 వారాల బిడ్డకన్నా బతికే అవకాశం ఎక్కువ. ఈ నమ్మకం ఊరికే పోదు, నష్టం చేసి పోతుంది. ఎనిమిదో నెల బిడ్డంటే అమ్మమ్మ ముందే మనసు రాయి చేసుకుంటుంది. "పిల్ల సంగతి దేవుడికొదిలేయ్, నువ్వు జాగ్రత్త" అని బాలింతను ఇంటికి తీసుకుపోయే మాట మొదలవుతుంది. ఆ మాటతో పాటు బిడ్డకు అందాల్సిన పాలు కూడా ఇంటికి వెళ్లిపోతాయి.

తలుపు ఎలా మూసుకుంది

ఈ వైద్యం మొదలైనప్పుడు తల్లి బయట లేదు. 1880 ప్రాంతంలో పారిస్‌లో తార్నియే అనే ప్రసూతి వైద్యుడు కోడిపిల్లల్ని పొదిగించే యంత్రాన్ని చూసి, అలాంటి ఇంక్యుబేటర్ పెట్టెనే శిశువుల కోసం చేయించాడు. ఆయన శిష్యుడు బుదాఁ అంతకన్నా ముఖ్యమైన సంగతి గమనించాడు. బిడ్డ పెట్టెలో బతుకుతుంది గానీ, దూరంగా ఉన్న తల్లికి ఆ బిడ్డ మీద ధ్యాస తగ్గిపోతోంది. అందుకని తల్లులు వచ్చి చూడాలని, పాలివ్వాలని ఆయన పట్టుబట్టాడు.

తర్వాత కథ మరో దారి పట్టింది. మార్టిన్ కూనీ అనే ఆయన న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో 1903 నుంచి 1943 దాకా ఈ పిల్లల్ని పెట్టెల్లో ఉంచి, టిక్కెట్టు పెట్టి జనానికి చూపించాడు. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోకుండా, ఆ టిక్కెట్ల డబ్బుతోనే నర్సులను పెట్టి ఎందరో పిల్లల్ని బతికించాడు. అప్పట్లో చాలా ఆసుపత్రుల్లో ఆ పిల్లలకు చోటే లేదు. చోటు దొరికిన రోజున అంటురోగాల భయం కూడా దాంతో పాటే వచ్చింది. గాజు కిటికీ పెట్టారు, తల్లిని అవతల నిలబెట్టారు. ఆ కాలపు పరిజ్ఞానానికి అది జాగ్రత్తే. జాగ్రత్త అలవాటైంది, అలవాటు రూలైంది.

ఆ రూలు సరైనదేనా అని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూశారు. తల్లుల్ని లోపలికి రానిచ్చి, బిడ్డల్ని ముట్టుకోనిచ్చారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదని 1970లో ప్రచురించారు.

తలుపును నిజంగా తెరిపించింది మాత్రం పేదరికం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గర్ రే సనబ్రియా పనిచేసే ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలవు. ఒక్కో పెట్టెలో ఇద్దరు, ముగ్గురు పిల్లలు. ఒకరి జబ్బు ఇంకొకరికి. ఆయన బిడ్డను తీసి తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు ఆనేలా నిలువుగా కట్టించాడు. మనం కంగారూ పద్ధతి అంటున్నది అదే. ఆ మరుసటి ఏడు ఎస్తోనియాలోని తాలిన్‌లో నర్సుల కొరత వచ్చి, డాక్టర్ ఆదిక్ లెవిన్ తల్లులకే పిల్లల పనులన్నీ నేర్పించి అప్పగించాడు. సూదిమందులూ సెలైనూ మాత్రం నర్సులు చూసుకునేవారు. ఆ పద్ధతిని చూసి కెనడావాళ్లు తమ పెద్ద ఆసుపత్రుల్లో అమలు చేశారు. లేమిలో పుట్టిన ఉపాయాన్ని కలిగినవాళ్లు నేర్చుకున్న సందర్భాలు వైద్యంలో ఎక్కువ లేవు.

ఇంకో మెట్టు మిగిలింది. "బిడ్డ కుదుటపడ్డాక కంగారూ పద్ధతి మొదలెట్టండి" అని మేమందరం చెబుతూ వచ్చాం. కుదుటపడేలోపే సగం ప్రమాదం జరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన అధ్యయనం 2021లో దీన్ని తేల్చేసింది. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల దాకా బరువున్న 3,200 పైచిలుకు పిల్లలు. సగం మందికి పాత పద్ధతి. మిగతా సగానికి పుట్టిన వెంటనే తల్లి ఒంటి మీద చోటు, ఇంటెన్సివ్ కేర్‌లోనే తల్లికి మంచం. ఆ పిల్లలు రోజుకు దాదాపు 17 గంటలు తల్లిని అంటిపెట్టుకునే ఉన్నారు. నెల తిరిగేసరికి పాత పద్ధతిలో నూటికి 15.7 మంది, కొత్త పద్ధతిలో నూటికి 12 మంది చనిపోయారు. నలుగురు పోవాల్సిన చోట ఒకరు దక్కినట్టు. ఈ తేడా చూశాక అధ్యయనాన్ని ముందే ఆపేశారు. ఇక ఏ బిడ్డనూ తల్లికి దూరంగా ఉంచడం న్యాయం కాదని. 2022 నవంబరులో ఆ సంస్థ ఇచ్చిన కొత్త సూచనల్లో రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా, ఎంత వీలైతే అంత, అని రాశారు.

వాళ్లు చేసే పని ఏమిటి

"మేమేం చేయగలం సార్, అన్నీ మిషన్లే కదా" అని తల్లిదండ్రులు అడుగుతారు. చేయగలిగింది చాలా ఉంది.

మొదటిది పాలు. నెలలు నిండని బిడ్డ పేగు లేతగా ఉంటుంది. అది కుళ్లిపోయే భయంకరమైన జబ్బు ఒకటుంది. దాన్నించి కాపాడటంలో తల్లిపాలకు సాటి వచ్చేది లేదు. ముందే కాన్పైన తల్లి పాలల్లో మాంసకృత్తులు మామూలుకన్నా ఎక్కువగా ఉంటాయి కూడా. అయితే బిడ్డ చప్పరించదు కనుక పాలు తమంతట తాము రావు. కాన్పైన కొద్ది గంటల్లోనే మొదలెట్టి రోజుకు ఎనిమిది సార్లు, అర్ధరాత్రి కూడా లేచి, చేత్తోనో పంపుతోనో పిండాలి. మొదటిరోజు వచ్చే ముర్రుపాలు గిన్నె అడుగును కూడా తడపవు. రెండు మిల్లీలీటర్లు సిరంజిలోకి లాగి తీసుకొచ్చి, "ఇంతే వచ్చాయి సిస్టరమ్మా" అని తల్లి సిగ్గుపడుతుంది. ఈ పూటకు ఆ బిడ్డకు కావాల్సింది కూడా ఆ రెండు మిల్లీలీటర్లే. ఆ సంగతి చెప్పాక ఆ తల్లి మొహం చూడాలి.

నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంలో పాలు పోస్తాం. పిస్టన్ నొక్కం; సిరంజిని ఎత్తి పట్టుకుంటే పాలు వాటంతటవే దిగుతాయి. ఆ సిరంజి పట్టుకునే పని తల్లికి నేర్పొచ్చు. ఇంకొన్ని వారాలకు గొట్టం తీసేసి ఉగ్గుగిన్నెతో పడతాం. మన ఇళ్లలో అటకెక్కిన ఉగ్గుగిన్నె ఇంటెన్సివ్ కేర్‌లో పనిముట్టుగా నిలబడింది. దాన్ని ఎలా పట్టుకోవాలో మా జూనియర్ డాక్టర్లకు కొన్నిసార్లు అమ్మమ్మలే నేర్పారు.

తల్లికి పాలు చాలకపోతేనో, ఆవిడే ప్రమాదంలో ఉంటేనో ఇంకో తల్లి పాలు ఉన్నాయి. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకును 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. హైదరాబాద్ నిలోఫర్‌లో ధాత్రి పాల బ్యాంకు 2017లో వచ్చింది.

రెండోది ఒళ్లు. దీనికి తల్లే కానక్కర్లేదు. మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. నొప్పులు ముందే వస్తే తల్లికి ఒక ఊళ్లో ఆపరేషన్ చేసి, బిడ్డను ఇంకో ఊరి పెద్దాసుపత్రికి అంబులెన్సులో పంపుతారు. కబురందుకుని పరిగెత్తుకొచ్చిన తండ్రి ఒక్కడే ఆ బిడ్డ వెంట ఉంటాడు. అలాంటి ఒక ట్రాక్టరు డ్రైవరును మా సిస్టర్‌గారు లోపలికి పిలవడం నేను చూశాను.

"చేతులు మోచేతుల దాకా కడుక్కో బాబూ. ఉంగరం, తాయెత్తు తీసి జేబులో పెట్టు. చొక్కా విప్పి ఈ కుర్చీలో వెనక్కి వాలు."

అతను రెండు అరచేతులూ చాపి చూపించాడు. "బండ చేతులమ్మా, పిల్ల తోలు ఊడొస్తుందేమో."

"చేతులతో రుద్దమన్నానా? ఛాతీ మీద పెట్టుకోమన్నాను. చేతులు ఊరికే ఆనించు, అంతే. తడమకు, నిమరకు."

పిల్లకు టోపీ, డైపరు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. ముక్కుకు సీప్యాప్ గొట్టం. ఆవిడ తలకింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తి, గొట్టం లాగకుండా తిప్పి, అతని ఛాతీ మీద కప్పపిల్లలా కాళ్లు ముడిచి పడుకోబెట్టింది. తల ఒక పక్కకు తిప్పి, మెడ ముడుచుకుపోకుండా చూసి, పైన గుడ్డ కట్టింది. కదిలించినందుకు మొదట అంకెలు కిందికి జారి మానిటరు కుయ్‌కుయ్‌మంది. అతను ఊపిరి బిగబట్టాడు. "నువ్వు తియ్యవయ్యా ఊపిరి, నిన్ను చూసి అదీ తీస్తుంది" అందావిడ. కాసేపటికి అంకెలు సర్దుకున్నాయి. ఆ పూట అతను టీకి కూడా లేవలేదు.

మూడోది కనిపెట్టి చూడటం. చాలామంది తల్లిదండ్రులు మానిటరు మీంచి కన్ను తిప్పరు. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం మధ్య ఉంటే చాలు. నూరు కనిపిస్తే సంబరపడకూడదు, భయపడాలి. ఎక్కువైన ఆక్సిజన్ కంటికి చేటు. "అమ్మా, టీవీ వంక కాదు, పిల్ల వంక చూడు" అనేవారు సిస్టర్‌గారు. రంగు ఎలా ఉంది, పొట్ట ఉబ్బిందా, నిన్నటిలా కాళ్లు ఆడిస్తోందా. డ్యూటీలు మారతాయి, నర్సులు మారతారు, తల్లి మారదు. "ఎందుకో ఇవాళ డల్‌గా ఉందండీ" అని తల్లి అంటే రక్తపరీక్షకు పంపమని నా జూనియర్లకు చెప్పేవాణ్ని. ఇన్ఫెక్షన్ మొదలయ్యేటప్పుడు యంత్రం కన్నా ముందు తల్లికే తెలిసిపోయిన రోజులున్నాయి.

బయట జరిగేది

వార్డు బయట వరండాలో ఇంకో వైద్యం అవసరమవుతుంది. "మెట్లెక్కొద్దంటే విన్నావా", "గ్రహణం రోజు బయటికొచ్చావు", "ప్రయాణం వద్దన్నాం" అని పరామర్శకు వచ్చినవాళ్లే తీర్పు చెప్పి పోతారు. బీపీ పెరగడం, ఇన్ఫెక్షన్లు, కవలలు, గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇవీ ముందస్తు కాన్పుకు మాకు తెలిసిన కారణాలు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మెట్లకూ గ్రహణానికీ ఇందులో పాత్ర లేదు. ఈ మాట డాక్టరు అత్తగారి ముందు, భర్త ముందు, గట్టిగా చెప్పాలి. బాలింత చెవిలో గుసగుసగా చెబితే ఉపయోగం లేదు.

అందరు పిల్లలూ దక్కరు. అది దాచి మాట్లాడితే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు. "తల్లికి చూపించొద్దు, తట్టుకోలేదు" అని పెద్దలు అడ్డుపడతారు. గొట్టాలు తీసి, ఒళ్లు తుడిచి, బట్టలో చుట్టి, కావాలన్న తల్లి ఒళ్లో పెట్టడం మా వార్డులో పద్ధతిగా ఉండేది. అన్నాళ్లూ పాలు పిండి ఇచ్చిన, ఛాతీ మీద మోసిన తల్లిదండ్రులకు దుఃఖం తక్కువగా ఉంటుందని నేను అనను. కానీ ఆ బిడ్డకు తాము ఏమీ చేయలేకపోయామన్న మాట వాళ్ల నోట రాదు.

ఇంటికి వెళ్లే బిడ్డకు కూడా పని అయిపోదు. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజులు నిండేలోపు కంటి వెనక పొర పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. గడువు దాటితే చూపు శాశ్వతంగా పోవచ్చు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఈ సంగతిని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. వినికిడి పరీక్ష చేయించాలి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి. ఎదుగుదలను మాత్రం నెలలు నిండాల్సిన తేదీ నుంచి లెక్కగట్టాలి. 28 వారాలకు పుట్టిన పిల్ల ఆరో నెలలో మూడు నెలల పిల్లలా ఉంటే అది వెనకబాటు కాదు. పక్కింటి పిల్లతో పోల్చే చుట్టాలకు ఈ లెక్క ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

చేయవలసింది

తల్లిదండ్రులను శిశువు చికిత్సలో భాగస్వాముల్ని చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద తలుపు తెరుచుకుని చాలా కాలమైంది. కానీ రోజుకు 17 గంటలు బిడ్డను ఒంటి మీద పెట్టుకోవాలంటే తల్లికి పడుకోవడానికి మంచం కావాలి, వేడి అన్నం కావాలి, పక్కనే మరుగుదొడ్డి కావాలి, కుట్లు చూసే ప్రసూతి డాక్టరు ఆ గదికే రావాలి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమంలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు అని రాశారు. కిలో బిడ్డ ఇంటికి వెళ్లడానికి నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు. మిగతా రోజులు ఆ తల్లి ఏం తిని పాలివ్వాలి? బిడ్డను పెద్దాసుపత్రికి పంపేటప్పుడు తల్లిని కూడా అదే అంబులెన్సులో పంపడం ఎందుకు కుదరదు?

సెలవు సంగతి కూడా చూడండి. మన చట్టం ప్రకారం ఉద్యోగినులకు 26 వారాల దాకా ప్రసూతి సెలవు, నెలలు నిండని కాన్పు వల్ల జబ్బు చేస్తే ఇంకో నెల అదనంగా దొరుకుతుంది. మిరపతోటలో కూలికి పోయే తల్లికి ఈ చట్టంతో పనిలేదు. ఆ ట్రాక్టరు డ్రైవరుకు రెండో రోజే యజమాని ఫోన్ చేశాడు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి బిడ్డల తల్లికీ తండ్రికీ కూడా మామూలు సెలవుకు అదనంగా 12 వారాల దాకా ఇస్తున్నారు. మనం వాళ్లంత ఇవ్వలేకపోవచ్చు. కూలి పోగొట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషికి రోజుకింతని ఇవ్వడం మాత్రం మన ప్రభుత్వాలకు మించిన పని కాదు. వెంటిలేటరు రోజు ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి?

చివరగా నర్సింగ్ విద్యార్థినులకు, ఆసుపత్రుల తనిఖీకి వెళ్లే అధికారులకు ఒక మనవి. బిడ్డ కేస్ షీట్‌లో ఉష్ణోగ్రత రాస్తాం, బరువు రాస్తాం, ఎన్ని మిల్లీలీటర్ల పాలు పట్టామో రాస్తాం. వాటి పక్కన ఇంకో గడి గీయండి: నిన్న ఈ బిడ్డ తల్లి ఒంటి మీదో తండ్రి ఒంటి మీదో ఎన్ని గంటలుంది? రాయని మందు ఇవ్వనట్టే అని మాకు నేర్పారు. ఆ గడిలో రోజూ సున్నా పడుతుంటే ఆ తప్పు తల్లిది కాదు. ఆమెకు మంచం వేయని వార్డుది, దాన్ని నడిపే మాది. తనిఖీకి వచ్చినవాళ్లు మందుల స్టాకు అడిగినట్టే ఆ అంకెనూ అడగాలి. సూపరింటెండెంటు దానికి జవాబు చెప్పాలి.